దడపెట్టె

మా కొత్త లారీని ఇంతవరకూ ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇక ఎత్తుకుపోలేరు కూడా. తలుపులు బార్లా తెరిచి, తాళంచెవి దానికే ఉంచేసి వచ్చినా దాన్ని జానెడు కదిలించే మొనగాడు లేడు. మా తమ్ముడు ఫణి ఈ మాట చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగిపోయేది. నాకు మాత్రం చెప్తుంటేనే ఒళ్లు మండిపోతుంది.

నా పేరు తిరపతమ్మ. మాది విజయవాడ ఆటోనగర్ పక్కన కానూరు. మా ఆయన శేషగిరికి ఉన్నది ఒక్కటే లారీ. దానికి ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఆ మొదటి లారీకి మేం పెట్టని కాపలా లేదు. ముట్టుకుంటే చాలు కేకలు పెట్టే సైరన్ పెట్టించాం. స్టీరింగుకు గొలుసు చుట్టి తాళం వేసేవాడు. డీజిలు రాకుండా ఆపేసే దొంగ స్విచ్చి ఒకటి పెట్టించి, అది ఎక్కడుందో నాక్కూడా చెప్పలేదు. బండి ఎక్కడ తిరుగుతోందో ఫోనులో చూపించే బిళ్ల అతికించాడు. ఇవన్నీ చాలవన్నట్టు మా అత్తయ్య సామ్రాజ్యం ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ, వెనక ఒక పాత చెప్పూ కట్టించింది.

అన్నీ ఉండగానే పోయింది. నాగపూర్ రోడ్డులో ఒక దాబా దగ్గర పట్టపగలు అన్నం తింటుంటే బయట సైరన్ మోగిందట. "ఎవడిదయ్యా ఆ గోల, ఆపండెహె!" అని తినేవాళ్లంతా విసుక్కున్నారట. అందరితో పాటు ఈయనా విసుక్కున్నాడు. అక్కడ ఆగిన లారీలన్నిటికీ అదే సైరను, అదే కూత. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి లారీ లేదు, తెగిన గొలుసు మాత్రం మట్టిలో పడి ఉంది. ఫోనులో చూస్తే బిళ్ల పరుగు పెడుతూనే ఉంది. పోలీసులు దాని వెంట పడి పడి పట్టుకుంటే అది ఒక కోళ్ల వ్యానుకు అతికించి ఉంది. కోళ్లాయన వీళ్లకంటే ఎక్కువ బెదిరిపోయాడట, పాపం.

మా ఆయన ఏడిస్తే వీధి చివరిదాకా వినపడేది. నవ్వినా అంతే. కోపం వస్తే కంచం వెళ్లి గోడకు తగిలేది, కాసేపటికి తనే వచ్చి గొణుక్కుంటూ మెతుకులు ఏరేవాడు. అలాంటి మనిషి ఆ రోజు ఇంటికొచ్చి, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

"ఇంకోటి కొన్నా అదీ ఎత్తుకుపోతారే అమ్మా. మళ్లీ పోతే నేను బతకను" అన్నాడు.

"ఛ, నోర్ముయ్యి. అప్పుడు నీకు నేను లేనూ?" అంది అత్తయ్య. కానీ ఆవిడ కూడా ఏడుస్తూనే ఉంది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన మా తమ్ముడు అట్నుంచి అటే వెళ్లిపోయాడు.

ఫణి అప్పటికే ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మానేశాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు వెనక ఒక గది తీసుకుని ఏవేవో మిషన్లు చేస్తుండేవాడు. కొన్ని నెలల తర్వాత నన్ను అక్కడికి పిలిచి ఒక స్టూలు మీద కూర్చోబెట్టాడు. స్టూలు మీద నల్లటి పల్చటి రేకు ఒకటి పరిచి ఉంది.

"కదలకక్కా."

"కదల్లేదురా బాబూ."

"నువ్వు కదల్లేదు. నీ ఒళ్లు కదులుతోంది, చూడు."

ఎదురుగా ఉన్న తెర మీద ఒక గీత సన్నగా వణుకుతూ పోతోంది. గుండె, ఊపిరి, నరాలు అన్నీ కలిసి మనిషి ఒంట్లో ఎప్పుడూ ఒక అదురు పుట్టిస్తుంటాయట. ఎవరి అదురు వాళ్లదేనట. నన్ను లేపి వాడు కూర్చున్నాడు. గీత మారిపోయింది.

"బావ లారీ సీట్లో ఇది పెడతా. బావ కూర్చుంటే బండి స్టార్టవుద్ది. ఇంకెవడు కూర్చున్నా అవ్వదు."

"వాడు వైర్లు కలిపేసి స్టార్ట్ చేసుకుంటే?"

"అంతసేపు వాడు కూర్చోగలిగితేగా! చెవికి వినపడనంత లోతు మోత ఒకటుందక్కా. సీట్లోంచి వదిలితే వెన్నులోకి ఎక్కి దడ పుట్టిస్తది. సైరన్ ఊరందరికీ చెప్తది, ఎవడూ పట్టించుకోడు. ఇది దొంగోడొక్కడికే చెప్తది."

వాడి తెలివికి నాకు కళ్లు చెమర్చాయి. నా తమ్ముడు నా సంసారం నిలబెడుతున్నాడనుకున్నాను.

ఒక్కటే చిక్కు. ఆ పెట్టెకు మనిషిని నేర్పాలంటే చాలా రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ మనిషి ఒక పద్ధతిలో ఉండాలి. ఒకరోజు తాగి, ఒకరోజు తాగకుండా, ఒకరోజు తగువాడి కూర్చుంటే గీత చెదిరిపోయి పెట్టె అయోమయంలో పడుతుందన్నాడు ఫణి. సరిగ్గా అప్పు చేసి కొన్న కొత్త లారీ వచ్చేసరికి కార్తీకమాసం వచ్చింది. మా ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. మాల వేసుకున్నాక మండలం రోజులూ ఆయన వేరే మనిషి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఒంటిపూట భోజనం, నేల మీద చాప. మందు లేదు, మాంసం లేదు, బూతుమాట లేదు. పెళ్లాంతో సహా ఆడవాళ్లంతా "మాత"లే.

"దీక్షలో మొదలుపెడితే మంచిది గదా" అన్నాడు మా ఆయన.

"ఇంతకంటే మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుద్ది?" అంది అత్తయ్య.

"బావ నిలకడగా ఉంటాడు, నాకు కావాల్సిందదే" అన్నాడు ఫణి. కొబ్బరికాయ తెచ్చి ఇచ్చింది నేను.

దీక్ష అన్నాళ్లూ స్వామి లారీ నడుపుతుంటే పెట్టె ఆయన్ను నేర్చుకుంది. ఇరుముడి కట్టే ముందురోజు ఫణి సీటు కింద పెట్టె మూసేసి, దాని మూత కరిగించి అతికించేశాడు. మళ్లీ నేర్పే వీలు ఉంచితే దొంగ కూడా నేర్పుకుంటాడు, ఊడదీసే వీలు ఉంచితే దొంగ కూడా ఊడదీస్తాడు, అందుకే దాన్ని ఇంజనుతో కలిపేశానన్నాడు. పెట్టె పీకితే బండి పాత ఇనుమే.

ఆ రోజు లారీకి పూజ చేశాం. లోపల దేవుడి పటానికి దండ వేద్దామని నేను డ్రైవరు సీట్లోకి ఎక్కాను. ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత ఎందుకో మా అమ్మాయికి ఏదో అయిందనిపించింది. ఉయ్యూరులో అత్తారింట్లో సుఖంగా ఉన్న పిల్ల. ఆమెకేదో అయింది, నాకు చెప్పడం లేదు, అందరికీ తెలుసు, నాకే చెప్పడం లేదు. దండ అక్కడే పారేసి, కిందికి దూకి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాకా పరిగెత్తాను. అమ్మాయికి ఫోను చేసి గొంతు విన్నదాకా నా వణుకు తగ్గలేదు.

వెనక్కి వచ్చేసరికి ఫణి పకపకా నవ్వుతున్నాడు. "పని చేస్తోందక్కా!"

పని చేసింది. మా ఆయన శబరిమల వెళ్లినప్పుడు షెడ్డు ముందు పెట్టిన లారీని ఎవడో తీసుకుపోదామని ఎక్కాడు. పొద్దున్నే షెడ్డు తెరిచినవాళ్లకి వాడు ముందు టైరు పక్కన మోకాళ్లు కావలించుకుని కూర్చుని కనిపించాడు. "నన్ను పోలీసులకే ఇయ్యండి సార్, ఇక్కడ మాత్రం ఉంచకండి" అని బతిమాలాడట. ఆటోనగర్ అంతా ఈ కథ చెప్పుకుంది. ఫణి చేసిన దానికి దడపెట్టె అని పేరు పెట్టింది కూడా వాళ్లే.

మా ఆయన కొండ నుంచి వచ్చి, షెడ్డు ముందున్న లారీని ఇంటికి తెచ్చుకుని, ఆ తర్వాత మాల తీశాడు. ఏటా చేసినట్టే కోడికూర వండించుకుని, మందు తెచ్చుకుని, పెద్ద గొంతుతో కబుర్లు చెప్పి, నన్ను "ఏమే తిరపతీ" అని పిలిచాడు. ఎన్నాళ్లయిందో ఆ పిలుపు విని. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని, సిగరెట్టు ముట్టించి లారీ ఎక్కాడు.

బండి స్టార్టవలేదు. ఇంకోసారి తిప్పాడు. అంతలో ఆయన మొహం పాలిపోయింది. తలుపు తోసుకుని బోర్లా కింద పడ్డాడు. "అమ్మా! అమ్మా!" అని అరుస్తూ ఇంట్లోకి పరిగెత్తి అత్తయ్య కొంగు పట్టుకున్నాడు. ఎదురింటివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వలేదు.

ఫణి వచ్చి తన తెర పెట్టి చూశాడు. పెట్టెలో ఉన్న గీతనూ ఆ పూట మా ఆయన గీతనూ పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూశాడు. నేనే రెట్టించాను.

"ఏందిరా? చెప్పి చావు."

"పెట్టెకి బావ తెలియదక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "దానికి స్వామి తెలుసు."

అప్పుడు అర్థమైంది మాకు. అంత చదువుకున్నవాడికీ తట్టలేదు, ఏటా ఆ మార్పు కళ్లారా చూసే మాకూ తట్టలేదు. మాల తీస్తే మనిషి మారతాడని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. అందరం కలిసి, మంచి ముహూర్తం చూసి మరీ, ఇంట్లో లేని మనిషి చేతికి లారీ తాళాలు ఇచ్చాం.

పీకి పారెయ్యరా అన్నాను. పీకితే ఇంజను పోతుందన్నాడు. కొత్త ఇంజను పెట్టించే స్థితిలో మేం లేము. అప్పుడు మా ఆయనే అన్నాడు, "సరే, స్వామిగానే ఉంటా. ఎంతమంది ఉండట్లా?"

గురుస్వామి దగ్గరికి వెళ్లి మళ్లీ మాల వెయ్యమన్నాడు. ఆయన సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు. "దేవుడి కోసం వేస్తా స్వామీ. లారీ కోసం వెయ్యను. మీరు ఇంకేదన్నా చూసుకోండి" అన్నాడు. మా ఆయన చిన్నబోయి వచ్చాడు గానీ మానలేదు. మాల లేకుండానే మొదలుపెట్టాడు. తెల్లవారకముందే చన్నీళ్లు, ఒంటిపూట అన్నం, నేల మీద చాప. పూజ లేదు, భజన లేదు, శరణుఘోష లేదు. కొండకి పోయేదీ లేదు. దీక్ష మిగిలింది, దేవుడు పోయాడు.

నెల తిరక్కుండానే బండి స్టార్టయింది. ఆ రోజు మా ఆయన ఎంత సంబరపడ్డాడంటే, ఆ సంబరానికే బండి మళ్లీ ఆగిపోయి సన్నగా దడ మొదలుపెట్టింది. కిందికి దిగి, కళ్లు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుని మళ్లీ ఎక్కాడు. కోపం వద్దు, సరే. సంతోషం కూడా వద్దని ఆ రోజే తెలిసింది.

అక్కణ్నుంచి ఆయన ఒక్కొక్కటే వదిలెయ్యడం మొదలుపెట్టాడు. సినిమాలు చూడ్డం మానేశాడు. పేకాట దగ్గర అరుపులుంటాయని అటు పోవడం మానేశాడు. మా అమ్మాయి కడుపుతో ఉందని కబురొస్తే "మంచిది" అన్నాడు. అంతే. మంచిది అని కాళ్లు కడుక్కుని చాప పరుచుకున్నాడు. నన్ను మళ్లీ "మాతా" అనసాగాడు. దీక్షలో ఆ పిలుపుకి గౌరవం ఉంటుంది. ఇప్పుడది చెంపదెబ్బలా తగిలేది.

ఒకరోజు నాకు తిక్క పుట్టింది. కావాలనే కొరమీను పులుసు పెట్టాను, ఆయన ప్రాణం పెట్టే కూర. వాసనకి ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే ఎదురుగా కూర్చుని తిన్నాను. ఆయన పెరుగన్నం తింటున్నాడు. చూడనైనా చూడలేదు. నేను గిన్నె తీసి గోడకేసి కొట్టాను.

"తిట్టవయ్యా! ఏందే ఈ పొగరని అడుగు! ఒక్కటి పీకు, పోనీ!"

ఆయన నిదానంగా లేచి చెయ్యి కడుక్కున్నాడు. "నన్ను కదిలించకు మాతా. రేపు లోడుంది."

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ రోజు ముక్కలు ఆవిడా నేనూ కలిసి ఎత్తాం. "వీడు నా కొడుకు కాదే అమ్మాయ్" అంది. "నా కొడుకైతే ఈపాటికి మన ఇద్దరికీ దులిపేసేవాడు. ఎవణ్నో తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాం."

మర్నాడు నేను షెడ్డుకు వెళ్లాను. ఆ పెట్టెని సుత్తితో కొట్టమని చెప్పడానికే వెళ్లాను, బండి పోతే పోయిందని. ఫణి గదిలో ఇస్త్రీ చొక్కాలవాళ్లు ఇద్దరున్నారు. ఏదో పెద్ద లారీల కంపెనీ వాళ్లట, వందల బండ్లున్నాయట. తెర మీద మా ఆయన గీత చూపిస్తున్నాడు ఫణి. అది దాదాపు తాడు లాగినట్టు తిన్నగా ఉంది.

"చాలా బాగుందండీ" అంటున్నాడు వాళ్లలో ఒకడు. "దొంగతనం సంగతి సరే. తాగడు, తగువాడడు, ఇంటికి పోతానని గొడవ చెయ్యడు. మా డ్రైవర్లందర్నీ ముందు ఇలా తయారుచేసి, అప్పుడు పెట్టెకి నేర్పితే?"

"అదేం పెద్ద కష్టం కాదు సార్" అన్నాడు నా తమ్ముడు. అప్పుడు నన్ను చూశాడు.

వాళ్లు వెళ్లేదాకా ఆగి నేను వాణ్ని నానా మాటలూ అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు, "సుత్తి ఇస్తానక్కా, నువ్వే కొట్టు. కానీ ఇప్పుడు కొట్టినా ఏం లాభం లేదు. పెట్టెలో ఉన్న గీత మారలేదు. బావే వచ్చి దాని మీద అతుక్కున్నాడు. ఈ గీత నేను లారీలో తీసింది కాదు. మొన్న మీ ఇంట్లో, బావ నిద్రపోతుంటే చాప కింద రేకు పెట్టి తీశా. నిద్రలో ఎవడూ నటించలేడక్కా."

"అబద్ధం" అన్నాను. "ఆయన లోపల ఉన్నాడు. బండి కోసం నటిస్తన్నాడు. ఏదో ఒక రోజు తట్టుకోలేక బయటికొస్తాడు. ఆ రోజు నీ దడపెట్టే ఆయన్ని కిందికి తోస్తది, చూడు."

నేను ఆ ఆశ పట్టుకునే ఇంటికొచ్చాను. నాకిప్పుడు లారీ వద్దు, ఏమీ వద్దు. ఆ బండి మా ఆయన్ని ఒక్కసారి తరిమేస్తే చాలు, మా ఆయన ఇంకా ఉన్నట్టు.

ఆ వేసవిలో అత్తయ్యకి జ్వరం వచ్చి మంచం పట్టింది. కొడుకు మందులు వేళకి తెచ్చాడు, డాక్టరుకి చూపించాడు, పక్కన కూర్చుని పళ్లరసం పట్టాడు. ఏ లోటూ చెయ్యలేదు. ఒక పొద్దున ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒరే శేషా, ఒక్కసారి తిట్టరా నన్ను. చిన్నప్పట్నుంచీ తిట్టేవాడివి గదా, ముసలిదానా, మాట వినవేందే అని. ఒక్కసారి అనరా."

"ఎందుకమ్మా, పడుకో" అన్నాడు ఆయన. దుప్పటి సర్దాడు.

ఆవిడ నా వైపు చూసి మొహం తిప్పేసుకుంది. ఆ మర్నాడు పొద్దున కాఫీ ఇద్దామని వెళ్లేసరికి ప్రాణం పోయి ఉంది. నేను పెట్టిన కేకకి వీధంతా వచ్చింది. ఆయన వచ్చి, తల్లి మొహం చూసి, కళ్లు మూసి, చేతులు రెండూ పొట్ట మీద పెట్టాడు. తర్వాత బయటికి వెళ్లి ఫోనులో ఒక్కొక్కరికీ కబురు చెప్పాడు. కన్ను తడవలేదు. వచ్చినవాళ్లు "గుండె రాయి చేసుకున్నాడు పాపం" అనుకున్నారు. లోపల పొంగుతూ ఉండి ఉంటుందని నేనూ అనుకున్నాను. అనుకోకపోతే ఎలా నిలబడను?

షామియానా అబ్బులు వచ్చాడు. ఇంటి ముందు లారీ అడ్డంగా ఉంది. "ఈ బండి కాస్త పక్కకి తియ్యాలండీ. గుంజలు పాతడానికి లేదు."

ఫణి నా దగ్గరికి గబగబా వచ్చాడు. "అక్కా, ఈ పూట బావ ఎక్కలేడు. తల్లి పోయిన మనిషి. దడకి గుండె ఆగినా ఆగుద్ది. ట్రాక్టరు పిలిచి లాగిద్దాం."

"వద్దు" అన్నాను. "ఎక్కనీ."

వాడు నా మొహంలోకి చూశాడు. వాడికి అర్థమైంది. పక్కకి తప్పుకున్నాడు.

ఆయన చెప్పుల్లేని కాళ్లతో వెళ్లి లారీ ఎక్కాడు. నేను అరుగు దిగి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. లోపల అత్తయ్య శవం ఉందని కూడా మర్చిపోయాను. దేవుడా, తోసెయ్యమని చెప్పు. ఆ తలుపు తెరుచుకుని అమ్మా అని అరుస్తూ కింద పడాలి. మోకాళ్లు చెక్కుకుపోవాలి. ఊరందరి ముందూ గుక్కపట్టి ఏడవాలి. ఒళ్లో పెట్టుకోవడానికి నేనున్నాను. ఒక్కసారి తోసెయ్యి.

ఆయన తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

కొంచెం కూడా తడబడలేదు. అద్దంలో వెనక చూసుకుంటూ, పక్కింటివాళ్ల స్కూటరుకు తగలకుండా, కాలవ గట్టు ఒరుసుకోకుండా, ఎంతో ఒద్దికగా లారీని వేపచెట్టు దాకా తీసి ఆపాడు. దిగి తలుపు వేశాడు. టైర్ల కింద రాళ్లు పెట్టాడు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"చాలా మాతా, ఇంకొంచెం తియ్యాలా?"

నేను ఆ మట్టిలోనే కూలబడ్డాను. అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. జుట్టు ఊడిపోయింది, కొంగు జారిపోయింది, నేలకేసి గుద్దుకుంటూ ఏడ్చాను. ఫణి దూరంగా నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన మాత్రం కాసేపు నన్ను చూసి, షామియానా గుంజ పట్టుకోవడానికి అబ్బులుకు సాయం వెళ్లాడు.

ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి నన్ను లేవదీశారు. మంచినీళ్లు పట్టారు. అత్త పోతే ఇంతలా ఏడ్చే కోడలు ఈ రోజుల్లో ఎక్కడుంది, సామ్రాజ్యమ్మ పెట్టిపుట్టింది అని చెప్పుకున్నారు.